బొగ్గుబండి నుండి పుట్టిన కేరింత

పండుగ సెలవులు, వేసవి సెలవులు సమీపిస్తున్నకొద్దీ మన బొగ్గుగనుల ప్రాంతపు ఇళ్ళలో ఒక చర్చ మొదలవుతుంది. గోదావరిఖనిలోనైనా, ఎయిట్ ఇంక్లైన్ కాలనీలోనైనా, రామగుండం ఎన్టీపీసీ పరిసరాల్లోనైనా పిల్లల నోట వినవచ్చే పేరు ఒకటే: వండర్‌లా. రాజీవ్ రహదారి మీదుగా కరీంనగర్, సిద్దిపేట దాటి హైదరాబాద్ చేరి, నగరాన్ని చుట్టి ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న రావిర్యాలకు వెళ్ళిరావాలంటే రెండు రోజుల పని. టికెట్లు, బండి కిరాయి, తిండి ఖర్చు కలిపి ఒక గని కార్మికుని కుటుంబానికి తేలికైన మొత్తం కాదు. అయినా బోనస్ డబ్బులో కొంత పక్కనపెట్టి పిల్లలను తీసుకువెళ్ళే తండ్రులు మనలో ఎందరో ఉన్నారు.

ఈ మధ్య ఆ చర్చకు కొత్త అంశం తోడైంది. 2025 డిసెంబరులో చెన్నైలో అదే సంస్థ కొత్త ఉద్యానం తెరిచింది. అందులోని 'తంజోరా' అనే రోలర్ కోస్టరును స్విట్జర్లాండుకు చెందిన బోలిగర్ అండ్ మాబిలార్డ్ కంపెనీ తయారుచేసింది. ఈ కంపెనీ చేసిన 'ఇన్వర్టెడ్' తరహా కోస్టరు మన దేశానికి రావడం ఇదే మొదటిసారి. దీనిలో పట్టాలు కూర్చున్నవారి కాళ్ళకింద కాక తలలపైన ఉంటాయి. కాళ్ళు గాలిలో వేలాడుతుంటాయి. ఇటువంటి 'ఇన్వర్టెడ్' కోస్టరును ఈ కంపెనీయే 1992లో అమెరికాలోని చికాగో సమీపాన మొదటిసారి నడిపింది. మూడు దశాబ్దాల పైచిలుకు కాలం తరువాత అది చెన్నైకి చేరింది. హైదరాబాదులోని 'రీకాయిల్' గొప్పదా, చెన్నైలోని కొత్తది గొప్పదా అని మన యువకులు ఇప్పుడు టీకొట్ల దగ్గర వాదించుకుంటున్నారు.

ఇది పనిలేని వాదమని కొట్టివేయడం సులభం. కాని మేము ఆ వాదనలను శ్రద్ధగా విన్నాము. వాటిలో మన ప్రాంతానికి, మన కుటుంబాలకు చెందిన ముఖ్యమైన విషయాలున్నాయని తోచింది. అందుకే ఈ నెల శీర్షికను దీనికే కేటాయిస్తున్నాము.

ముందుగా అభిమానుల మాట. 2016 ఏప్రిల్‌లో హైదరాబాదు ఉద్యానం తెరిచిన నాటినుండి రీకాయిల్ అక్కడి ప్రధాన ఆకర్షణ. నెదర్లాండ్సుకు చెందిన వెకోమా కంపెనీ 1984 నుండి ప్రపంచమంతటా అమ్ముతున్న 'బూమరాంగ్' నమూనా అది. 35 మీటర్ల పైచిలుకు ఎత్తు, సుమారు 285 మీటర్ల పట్టా, గంటకు దాదాపు 75 కిలోమీటర్ల వేగం ఆ నమూనాకు సాధారణంగా చెప్పే లెక్కలు. బండిని మొదట వెనుకకు లాగి ఎత్తుమీదికి చేరుస్తారు; అప్పుడు కూర్చున్నవారి ముఖాలు నేలవైపు ఉంటాయి. పట్టు వదలగానే బండి ముందుకు దూసుకుపోయి మూడుసార్లు తలకిందులై, ఎదుటి ఎత్తు ఎక్కి ఆగుతుంది. అప్పుడు ముఖాలు ఆకాశంవైపు. అక్కడినుండి అదే దారిలో వెనుకకు. ఆ మూడు మలుపులే ఇప్పుడు వీపు చూపుతూ వస్తాయి.

దీనిపై యువకుల అభిప్రాయాలు మూడు విధాలు. మొదటి వర్గానికి ఆ వెనుకకు వచ్చే భాగమే ప్రాణం. మలుపు ఎప్పుడు వస్తుందో కంటికి కనబడదు కనుక భయం రెట్టింపవుతుందని, రెట్టింపైన భయమే రెట్టింపైన ఆనందమని వారి వాదం. రెండవ వర్గం కొంచెం అనుభవం గడించినది. భుజాలమీదికి దిగే కడ్డీకి మలుపుల్లో చెవులు, చెంపలు కొట్టుకుంటాయని, యంత్రం గొప్పతనం వేగంలో కాక నునుపులో ఉన్నదని వారంటారు. చెన్నైలోని కొత్త కోస్టరును వీరు పొగడడానికి కారణం అదే. మూడవ వర్గం లెక్కల మనుషులు. గంటసేపు వరుసలో నిలబడితే దక్కేది రెండు నిమిషాలైనా కాదు, ఆ డబ్బుకు ఇది తగునా అని వారి ప్రశ్న. ఇంట్లోని తల్లులు చాలావరకు ఈ మూడవ వర్గంలోనే ఉన్నారని వేరే చెప్పనక్కరలేదు.

ముందు వరుస మేలా, వెనుక వరుస మేలా అన్నదానిపై కూడా తగువులున్నాయి. ఇది కేవలం అభిరుచి కాదు, దీనిలో భౌతికశాస్త్రం ఉంది. మామూలు కోస్టరులో ముందు పెట్టె శిఖరం దాటేటప్పుడు బండి ఇంకా నెమ్మదిగానే ఉంటుంది, ఎందుకంటే వెనుక పెట్టెల బరువు దాన్ని పట్టి ఉంచుతుంది. చివరి పెట్టె శిఖరం చేరేసరికి ముందున్న పెట్టెలన్నీ దిగుతూ దాన్ని ఈడ్చుకుపోతాయి. కనుక ముందు కూర్చున్నవారికి చూపు, వెనుక కూర్చున్నవారికి కుదుపు. ఇద్దరూ తమ తమ చోట నిజమే చెబుతున్నారు.

ఈ వర్గాలలో దేనికీ చెందని నాల్గవ అభిప్రాయం ఒకటి ఇంటి అరుగుమీద వినబడుతుంది. ముప్పయ్యేళ్ళు భూగర్భంలో పనిచేసి దిగిపోయిన దాదా, మనవడి వర్ణన అంతా విని, "పైసలిచ్చి భయపడుడేంది బేటా? మేం బాయిల దిగుడుకు మాకే పైసలిచ్చిండ్రు" అంటాడు. ఇంటిల్లిపాదీ నవ్వుతారు. ఆ నవ్వు వెనుక ఉన్నది మాత్రం నవ్వి వదిలేయదగినది కాదు.

నిజానికి ఆ దాదాకు, ఆ మనవడికి తెలియని బంధుత్వం ఒకటి ఉంది. రోలర్ కోస్టరుకు పుట్టిల్లు బొగ్గుగని.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో మాచ్ చంక్ అనే ఊరు ఉండేది. 1827లో అక్కడి బొగ్గు కంపెనీ కొండమీది సమ్మిట్ హిల్ గనులనుండి కింది రేవుకు బొగ్గు దించడానికి సుమారు 14 కిలోమీటర్ల పట్టా వేసింది. బొగ్గు నింపిన బండ్లు ఇంజను లేకుండానే, భూమి ఆకర్షణతోనే దొర్లుకుంటూ కిందికి వచ్చేవి. ఖాళీ బండ్లను పైకి లాగేవి కంచరగాడిదలు. దిగేటప్పుడు ఆ గాడిదలను కూడా బండ్లలోనే ఎక్కించి తెచ్చేవారు. ఆ సవారీకి అలవాటుపడిన గాడిదలు తరువాత కాలినడకన దిగడానికి మొరాయించేవని అక్కడివారు చెప్పుకున్నారు. రోలర్ కోస్టరుకు మొదటి అభిమానులు అవేనంటే తప్పు లేదేమో!

1840లలో గాడిదల స్థానంలో ఆవిరి యంత్రాలు వచ్చాయి. 1870లలో కొండకింద సొరంగ మార్గం పడడంతో బొగ్గుకు ఆ పట్టా అవసరం తీరిపోయింది. కాని జనం వదలలేదు. కొండమీదినుండి దొర్లే ఆ బండిలో కూర్చోవడానికి దూర పట్టణాలనుండి టికెట్టు కొని వచ్చారు. 1930ల వరకు అది వినోదపు బండిగానే నడిచింది. ఆ విజయం చూసిన కాలంలోనే లామార్కస్ థాంప్సన్ అనే వ్యక్తి 1884లో న్యూయార్కు దగ్గరి కోనీ ఐలండ్ తీరంలో చెక్కతో ఒక చిన్న 'స్విచ్‌బ్యాక్ రైల్వే' కట్టాడు. వేగం గంటకు పది కిలోమీటర్లే. టికెట్టు ఐదు సెంట్లు. జనం విరగబడ్డారు. నేటి కోస్టర్ల వంశవృక్షం అక్కడినుండి కొమ్మలు వేసింది. అంతకుముందు రష్యాలో మంచుగుట్టల జారుడు ఆటలు, 1817లో పారిసులో చక్రాల బండ్ల ఆటలు ఉన్న మాట నిజమే. అయినా పట్టాలమీది బండిలో కూర్చుని కొండ దిగే సరదాను వేలాది సామాన్యులకు రుచి చూపినది బొగ్గుబండి.

ఆ బండి తన వారసునికి ఒక చప్పుడు కూడా ఇచ్చింది. కోస్టరు ఎత్తు ఎక్కుతున్నప్పుడు కిందనుండి టకటకమని వినబడే శబ్దాన్ని అభిమానులు ఎంతో ఇష్టంగా వర్ణిస్తారు, గుండె వేగం అక్కడే మొదలవుతుందంటారు. ఆ చప్పుడు అలంకారం కాదు. గొలుసు తెగినా బండి వెనుకకు జారకుండా పళ్ళపట్టీలో పడే మీట శబ్దం అది. మాచ్ చంక్ కొండమీద బొగ్గుబండ్లను పైకి లాగేటప్పుడు ఇటువంటి పళ్ళపట్టీనే వాడారు. మన ఇంక్లైన్లలో హాలేజీ తాడుతో టబ్బులను పైకి లాగేటప్పుడు చివరి టబ్బు వెనుక తగిలించే బ్యాక్ స్టే అనే ఇనుప కడ్డీ చేసే పనీ అదే: తాడు తెగితే అది నేలలో నాటుకొని టబ్బులను కిందికి పోనివ్వదు. పిల్లవాడు కేరింత కొట్టే చోట, అతని తాత ప్రాణం దక్కించిన ఉపాయం పనిచేస్తున్నది.

అభిమానులు మెచ్చే 'నునుపు' కూడా ఒక్కరోజులో రాలేదు. 1895లో కోనీ ఐలండులో కట్టిన తలకిందుల పట్టా సరిగ్గా గుండ్రంగా ఉండేది. వలయంలోకి అడుగిడగానే శరీరంపై ఒక్కసారిగా బరువు పడి మెడలు పట్టేసేవి. తలకిందుల కోస్టర్లు చాలాకాలం మూలబడడానికి అదొక కారణం. 1919లో జాన్ మిల్లర్ అనే అమెరికన్ పట్టా కింది భాగాన్ని కూడా పట్టుకొనే చక్రాలకు పేటెంటు పొందాడు. బండి పట్టా విడిచి ఎగిరిపోకుండా నేటికీ ఆ చక్రాలే కాపాడుతున్నాయి. 1959లో డిస్నీలాండులో గొట్టపు ఉక్కు పట్టా వచ్చింది. 1976లో జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ లెక్కలతో, ఆంటన్ ష్వార్జ్‌కాఫ్ నిర్మాణంతో, కాలిఫోర్నియాలో కన్నీటిబొట్టు ఆకారపు వలయం నిలబడింది. అందులో వంపు క్రమంగా పెరిగి క్రమంగా తగ్గుతుంది కనుక మెడకు దెబ్బ తగలదు. ఈనాడు మన పిల్లలు 'చాలా స్మూత్‌గా ఉంది' అని ఒక్క ముక్కలో తేల్చేసే అనుభవం వెనుక ఇంత లెక్క, ఇంత నొప్పి ఉన్నాయి.

ఇక అసలు విషయానికి వస్తాము. అభిమానులు వేగానికి మార్కులు వేస్తారు, ఎత్తుకు వేస్తారు, వరుస పొడవుకు కోత వేస్తారు. ఉదయం గేట్లు తెరవకముందు పట్టా వెంట నడిచి ప్రతి బోల్టును చూసిన మనిషికి ఎవరూ మార్కు వేయరు. అతని పని కంటబడదు. అది లోపించిన రోజునే మనకు తెలుస్తుంది. 2019 జూలైలో అహ్మదాబాదు కాంకరియా చెరువు దగ్గర ఊయలలా ఊగే ఆటయంత్రం విరిగిపడి ఇద్దరు మరణించారు, ఇరవై మందికి పైగా గాయపడ్డారు. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీలోని ఒక ఉద్యానంలో రోలర్ కోస్టరునుండి పడి ఒక యువతి ప్రాణం కోల్పోయింది. ఆనందం కోసం టికెట్టు కొన్నవారే వీరందరూ.

గనులకు 2025 వరకు 1952 నాటి గనుల చట్టం ఉండేది. ధన్‌బాద్ కేంద్రంగా గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఉంది. హాలేజీ తాడును, బ్రేకును, స్టాప్ బ్లాకును ఎవరు, ఎప్పుడు పరీక్షించి ఏ పుస్తకంలో సంతకం చేయాలో నిబంధనలున్నాయి. ఆటయంత్రాల భద్రతకు భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 15475 అనే ప్రమాణాన్ని రూపొందించింది. అయితే గనుల చట్టం వంటి బలమైన కేంద్ర చట్టం ఒకటి ఆటయంత్రాలకు లేదు. పెద్ద సంస్థలు తమ పేరు కాపాడుకోవడానికి జాగ్రత్త వహిస్తాయి. మన పట్టణాల మైదానాలలో ఎగ్జిబిషన్ల పేర నెలరోజులు వెలసి మాయమయ్యే జెయింట్ వీల్, బ్రేక్ డాన్స్, కొలంబస్ వంటి ఆటల సంగతి ఏమిటి? వాటిని లారీలమీద తెచ్చి రెండు రోజుల్లో బిగిస్తారు. ఇటుకల మీద, చెక్కదిమ్మల మీద నిలబెట్టిన పాదాలు మనకు కనబడుతూనే ఉంటాయి. టికెట్టు చవక కనుక మనం అడగము.

మన ప్రాంతంవారికి అడగడం తెలియక కాదు. తనిఖీ అంటే ఏమిటో, అది లేకపోతే ఏమవుతుందో గోదావరిఖనికి తెలిసినంతగా మరే ఊరికి తెలుసు? 2003 జూన్ 16న ఏడవ ఎల్ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించారు. ఆ ఏడాదే అక్టోబరులో 8ఏ గనిలో పైకప్పు కూలి మరో 10 మంది పోయారు. ఆ కుటుంబాలు ఈనాటికీ మన మధ్యనే ఉన్నాయి. ఆ వార్త విని గని గేటు దగ్గరకు పరుగెత్తిన తల్లులు, భార్యలు ఈనాడు మనవల చేత వండర్‌లా కబుర్లు వింటున్నారు.

దాదా మాటలోని పదును ఇక్కడే ఉంది. కోస్టరులో కూర్చున్న కుర్రవాడి భయానికి రెండు నిమిషాల గడువుంది. బండి తిరిగి బయలుదేరిన చోటికే వస్తుందని అతని మనసుకు తెలుసు. ఆ నమ్మకమే భయాన్ని సరదాగా మారుస్తుంది. షిఫ్టుకు దిగే మనిషి భయానికి ఆ గడువు లేదు, చప్పట్లు లేవు, ఫొటో లేదు. ఇంకొకటి కూడా గమనించాలి: కుర్రవాడు ఆ భయాన్ని ఎంచుకున్నాడు, తండ్రి ఎంచుకోలేదు. బతుకు కోసం భరించాడు. తాను భరించినది పిల్లలకు ఆటగా మిగలాలని కోరుకున్న తండ్రి, తన బోనస్ డబ్బుతో వారిని ఆ బండి ఎక్కిస్తున్నాడంటే అందులో మేము వృథా ఖర్చును మాత్రమే చూడలేము.

అయితే దాదా వాదానికి మేము పూర్తిగా లొంగము. ఎంచుకున్న భయం పిల్లలకు కొంత నేర్పుతుంది. గుండె దడదడలాడుతున్నా స్థిరంగా కూర్చోవడం, పక్కవాని చేయి పట్టుకోవడం, దిగిన తరువాత తాను అనుకున్నంత పిరికివాణ్ణి కానని తెలుసుకోవడం చిన్న విషయాలు కావు. భయపడి ఎక్కనని నిలబడిపోయిన పిల్లవానిని ఎగతాళి చేయడం మాత్రం తప్పు. 'నాకు వద్దు' అని పదిమంది ముందు చెప్పడానికి కూడా ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని ఇంటిపెద్దలు గౌరవించాలి.

వెళ్ళదలచిన కుటుంబాలకు కొన్ని మాటలు. ఎత్తు కొలిచే గీత దగ్గర ఉద్యోగిని బతిమాలవద్దు. భుజాల కడ్డీ బిగుతు శరీరం కొలతమీద ఆధారపడి ఉంటుంది, దయమీద కాదు. గర్భవతులు, గుండెజబ్బు, అధిక రక్తపోటు, మెడ నడుము నొప్పులు ఉన్నవారు ఎక్కరాదు. ఏళ్ళ తరబడి బరువులు మోసిన మన కార్మిక సోదరులు తమ నడుమును ముందు తలచుకోవాలి. మన ఆడపిల్లలు దుపట్టా, స్కార్ఫు, బుర్ఖా అంచులను కదిలే భాగాలకు అందకుండా బిగించుకోవాలి లేదా వేగపు ఆటలకు దూరంగా ఉండాలి. 2020లో హైదరాబాదు శివారులో గో కార్టు చక్రంలో జుట్టు చిక్కుకొని ఒక విద్యార్థిని మరణించిన సంగతి మరువరాదు. కదిలే యంత్రం దగ్గర వదులు బట్టలు వద్దన్న నియమం గనిలో అబ్బాకు వర్తించినట్లే, ఆటలో కూతురికీ వర్తిస్తుంది. పరదాను పాటిస్తూనే బిగుతుగా ముడి వేసుకొనే పద్ధతిని ఇంటివద్దనే సరిచూసుకుంటే అక్కడ గాబరా ఉండదు.

ఊరి మైదానంలో ఎగ్జిబిషన్ వెలసినప్పుడు, పిల్లలను ఎక్కించేముందు నిర్వాహకుని అడగండి: ఈ యంత్రాన్ని ఎవరు పరీక్షించారు, అనుమతి పత్రం ఎక్కడ? ఒక్కరు అడిగితే విసుక్కుంటాడు. యాభై మంది అడిగితే పత్రం గోడమీద అంటిస్తాడు. గని యాజమాన్యాలను అడిగి హక్కులు సాధించుకున్న ఊరికి ఇది పెద్ద పని కాదు.

మరొక సూచన. హైదరాబాదుకు, చెన్నైకి వెళ్ళేముందో, వెళ్ళివచ్చాకో పిల్లలకు మన ఊరిని కూడా చూపండి. 2022 చివర ఆర్టీసీ, సింగరేణి కలిసి 'సింగరేణి దర్శన్' పేరిట పర్యాటకులకు భూగర్భ గనిని, ఓపెన్‌కాస్టును, రెస్క్యూ స్టేషనును చూపే యాత్ర మొదలుపెట్టాయి. బయటివారు టికెట్టు కొని చూడడానికి వచ్చే చోట మన పిల్లలు పుట్టి పెరుగుతున్నారు. ఏటవాలు ఇంక్లైన్లలో కిలోమీటర్ల కొద్దీ నడిచి దిగిన తరం ఒకటుంది. తరువాతి తరానికి కుర్చీల మ్యాన్‌రైడింగ్ వచ్చింది. ఆ కుర్చీ ఎలా ఉంటుందో, దాన్ని ఎక్కడ పట్టుకోవాలో, దీపం ఆరితే ఏం చేయాలో దాదాను అడగమనండి. రీకాయిల్‌కు, తంజోరాకు మార్కులు వేసిన నోటితోనే ఆ సవారీకి ఎన్ని మార్కులు వేస్తారో చెప్పమనండి.

పాఠక సోదర సోదరీమణులారా, మీ ఇళ్ళలో ఈ విషయమై ఏ వర్గం గెలిచిందో, పెద్దలు ఏమన్నారో, పిల్లలు ఏమని బదులిచ్చారో మాకు వ్రాయండి. మీ ఊరి మైదానంలో పత్రం అడిగినప్పుడు వచ్చిన జవాబును కూడా తప్పక వ్రాయండి.